చెప్పుకునే దిక్కులేని మనిషి ప్రేమకథ

‘పంచ్-డ్రంక్ లవ్’ సినిమాలో బారీ ఈగన్ తన బాధను మొదటిసారి నోరు తెరిచి చెప్పుకునేది ఒక పళ్ల డాక్టరుతో. ఆయన బారీకి బావ వరస. కుటుంబమంతా విందుకు చేరిన రాత్రి, అందరి కళ్లముందు అద్దాల తలుపులు బద్దలుకొట్టిన కాసేపటికి, బారీ ఆయన్ని పక్కకు పిలుస్తాడు. మీరు డాక్టరు కాబట్టి అడుగుతున్నానంటాడు. ఒక్కోసారి తనంటే తనకే నచ్చదంటాడు. తనలో లోపం ఉందో లేదో తేల్చుకోలేకపోతున్నానని, మిగతా మనుషులు ఎలా ఉంటారో తనకు తెలియదు కదా అని చెబుతాడు. తాను పళ్ల డాక్టర్నని బావ గుర్తుచేస్తాడు. కారణం లేకుండా ఏడుపు వస్తోందని చెబుతూ చెబుతూనే బారీ భోరుమంటాడు. ఈ సంగతి అక్కచెల్లెళ్లకు మాత్రం చెప్పొద్దని బతిమాలుకుంటాడు. అది వాళ్ల చెవిన పడడానికి ఎంతోసేపు పట్టదు.

2002లో పాల్ థామస్ ఆండర్సన్ రాసి తీసిన ఈ సినిమాను రొమాంటిక్ కామెడీల లెక్కలోనే వేస్తారు. వేయాల్సిందే కూడా. ఒంటరి యువకుడు, అతన్ని ఇష్టపడే అమ్మాయి, తప్పిపోబోయి దక్కే ముద్దు, ప్రేమ కోసం ఉన్నపళంగా విమానం ఎక్కడం, దుర్మార్గుడితో తలపడడం, చివర్లో కౌగిలింత... ఆ కోవ కథకు కావలసిన సరంజామా అంతా ఇందులో ఉంది. ఇన్ని ఉన్నా చూస్తున్నంతసేపూ గుండె దడదడలాడుతూనే ఉంటుంది. దానికి బారీ కోపాన్నే కారణంగా చూపడం పరిపాటి అయింది. కానీ కోపం పైకి కనిపించే పొర మాత్రమే. ఎవరిని నమ్మి ఏది చెప్పుకున్నా అది తిప్పి తన మీదికే వస్తుందని చిన్నప్పటినుంచీ నేర్చుకున్న మనిషి బారీ. అందుకే అబద్ధం అతనికి కవచమైంది. అలాంటివాడు ఒక్క మనిషికి నిజం చెప్పగలిగే చోటికి ఎలా చేరాడన్నదే ఈ 95 నిమిషాల సినిమా.

బారీ ఉండేది లాస్ ఏంజెలెస్‌ను ఆనుకుని ఉన్న సాన్ ఫెర్నాండో వ్యాలీలో. బాత్‌రూముల్లో అడ్డుపడిన నీటిని తోసే ప్లంజర్లను హంగుగా తయారుచేయించి హోటళ్లకు అమ్మే చిన్న వ్యాపారం అతనిది. పని జరిగేది ఒక గోదాములో. మొదటి షాట్‌లోనే దర్శకుడు మనిషి పరిస్థితిని చెప్పేస్తాడు. వెడల్పాటి తెర, సగం తెలుపూ సగం నీలమూ పూసిన ఖాళీ గోడ, ఆ ఖాళీలో ఒక మూలకు నెట్టేసినట్టున్న బల్ల, దాని వెనక నీలం సూటు వేసుకుని ఫోను పట్టుకున్న బారీ. ఇంకా పూర్తిగా తెల్లవారనైనా లేదు. ఆ వేళ అతను ఆహార పదార్థాల కంపెనీకి ఫోను చేసి, తమ సరుకులు కొంటే విమాన ప్రయాణ మైళ్లు ఇస్తామన్న వాళ్ల ప్రకటనలోని షరతులను ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకుంటున్నాడు. ఆ సూటు ఎందుకని గోదాములో పనిచేసే లాన్స్ అడుగుతాడు, తోబుట్టువులు అడుగుతారు. ఎవరికీ సరైన జవాబు దొరకదు. ఆ చిన్న ప్రశ్నకు కూడా అతను తప్పుచేసి దొరికిపోయినవాడిలా తడబడతాడు.

తర్వాతి నిమిషాల్లో మూడు సంఘటనలు జరుగుతాయి. ఖాళీ రోడ్డు మీద ఒక బండి ఉన్నట్టుండి పల్టీలు కొడుతుంది. ఇంకో బండి ఆగి, ఒక చిన్న హార్మోనియాన్ని రోడ్డు పక్కన దించి వెళ్లిపోతుంది. కాసేపటికి లీనా అనే అమ్మాయి పక్కనే ఉన్న మెకానిక్ కోసం వచ్చి, తన కారు తాళాలు బారీకి అప్పగిస్తుంది. ప్రమాదం ఎందుకు జరిగిందో, హార్మోనియం ఎవరిదో సినిమా ఎప్పటికీ చెప్పదు. బారీకి లోకం ఇలాగే అందుతుంది. ఏది ఎటునుంచి వచ్చి మీద పడుతుందో తెలియదు. పడేది దెబ్బ కావచ్చు, వరం కావచ్చు. రెండిటికీ అతను ఒకేలా ఉలిక్కిపడతాడు.

అతనికి ఏడుగురు అక్కచెల్లెళ్లు. విందుకు వస్తున్నావా లేదా అని గోదాముకు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు చేస్తూనే ఉంటారు. సాయంత్రం అతను గుమ్మంలో అడుగుపెట్టేసరికి వాళ్ల మధ్య చర్చంతా చిన్నప్పటి సంగతి మీదే. ఒకప్పుడు వాళ్లు పెట్టిన వెక్కిరింపు పేరుకు ఉడుక్కుని బారీ సుత్తితో అద్దం పగలగొట్టాడట. ఆ పేరు ఏమిటో, అప్పుడు ఎంత ఉడుక్కున్నాడో గుర్తుచేసుకుని పడీపడీ నవ్వుతారు. నీకు గుర్తుందా అని అతన్నే అడుగుతారు. గుర్తులేదంటాడు. ఈ దృశ్యం అర్థం కావడానికి తెలుగు ప్రేక్షకులకు అమెరికా గురించి ఏమీ తెలియనక్కర్లేదు. శుభకార్యానికి బంధువులంతా చేరినప్పుడు, ఎవరో ఒకరి చిన్ననాటి అవమానం ప్రతిసారీ వేడుకలో భాగమైపోవడం మన ఇళ్లలోనూ ఉన్నదే. చెప్పేవాళ్లకు అందులో ప్రేమే కనబడుతుంది. ఆండర్సన్ కూడా ఆ అక్కచెల్లెళ్లను రాక్షసులుగా చూపలేదు. వాళ్లు గలగలా మాట్లాడే మామూలు మనుషులు, తమ్ముడో అన్నో సరదాగా ఉండాలని కోరుకునేవాళ్లే. వాళ్ల నవ్వు ఎటు తగులుతోందో వాళ్లకు తెలియదు. ఆ తెలియకపోవడమే అతనికి ఊపిరాడనివ్వదు. అద్దాల తలుపులు బద్దలైపోయేది అందుకే. ఇంటినిండా సొంత మనుషులు ఉండగా కలిగే ఒంటరితనాన్ని ఇంత స్పష్టంగా పట్టుకున్న సినిమాలు అరుదు.

ఆ రాత్రే బారీ తన గదికి వెళ్లి, డబ్బు తీసుకుని శృంగార సంభాషణలు నడిపే ఒక ఫోను సర్వీసుకు డయల్ చేస్తాడు. ఈ భాగాన్ని దర్శకుడు ఏమాత్రం రెచ్చగొట్టేలా తీయలేదు. బారీ ముందు క్రెడిట్ కార్డు నంబరు చెప్పాలి, పేరు చెప్పాలి, చిరునామా చెప్పాలి, మన ఆధార్ లాంటి సోషల్ సెక్యూరిటీ నంబరు చెప్పాలి. ఇవన్నీ ఎవరికీ తెలియవు కదా అని మళ్లీ మళ్లీ అడుగుతాడు. తెలియవని అవతలి గొంతు భరోసా ఇస్తుంది. లైను కలిశాక కూడా అతనికి కావలసింది మాటే అని తెలిసిపోతూ ఉంటుంది. ఫోను పట్టుకుని గదంతా తిరుగుతూ తన వ్యాపారం గురించి చెబుతాడు, తన గురించి అబద్ధాలూ నిజాలూ కలిపి చెబుతాడు. తెల్లారేసరికి ఆ అమ్మాయే ఫోను చేసి అద్దెకు డబ్బు కావాలంటుంది. కుదరదనేసరికి మాట బెదిరింపులోకి మారుతుంది. పళ్ల డాక్టరు బావ దగ్గర ఏం జరిగిందో ఇక్కడా అదే జరిగింది. రహస్యంగా ఉంచుతామన్న మాట నిలవలేదు. చెప్పుకున్నది ఉరితాడై తిరిగొచ్చింది. ఆ ముఠాను నడిపేది యూటా రాష్ట్రంలోని ప్రోవోలో పరుపుల దుకాణం పెట్టుకున్న డీన్ ట్రంబెల్. అతను పంపిన నలుగురు అన్నదమ్ములు బారీని పట్టుకుని, ఏటీఎం దాకా నడిపించి 500 డాలర్లు గుంజుకుంటారు.

ఈ సినిమాలో ఫోనుకున్నంత పని మరే వస్తువుకూ లేదు. కథ ఫోనుతో మొదలవుతుంది. అక్కచెల్లెళ్లు ఫోనులో తరుముతారు. ఫోనులోనే ఓదార్పు, ఫోనులోనే బెదిరింపు. కానీ ప్రేమ కూడా ఫోనులోనే వస్తుంది. లీనాతో మొదటిసారి భోజనం చేసి, ఆమెను ఇంటి దగ్గర దింపి, ముద్దు పెట్టుకునే ధైర్యం చాలక బారీ మెట్లు దిగి వచ్చేస్తాడు. కింద లాబీలో ఉన్న ఫోను మోగుతుంది. అవతల లీనా. వెళ్లిపోతున్న నిన్ను ఆపి ముద్దు పెట్టుకోవాలని ఉందని ఆమె చెబుతుంది. అంతే, బారీ పరుగెత్తుతాడు. అన్నీ ఒకేలా ఉన్న వరండాల్లో దారి తప్పుతాడు, మలుపు మలుపుకూ వెనక్కి వస్తాడు, ఎట్టకేలకు తలుపు దగ్గరికి చేరతాడు. అప్పటిదాకా అతని జీవితంలో ఫోను మోగిందంటే ఎవరో ఏదో లాక్కోవడానికే. అడగకుండానే ఇవ్వడానికి ఫోను మోగింది ఆ రాత్రే.

చేతిలో స్మార్ట్‌ఫోను లేని చివరి రోజుల సినిమా ఇది. తీగ ఉన్న ఫోను మనిషిని ఒక చోట కట్టేస్తుంది, తీగ ఎంత పొడవుంటే అంతే తిరగనిస్తుంది. ఆండర్సన్ ఈ బిగింపును బాగా వాడుకున్నాడు.

గోదాములో జరిగే ఒక సన్నివేశాన్ని దగ్గరగా చూస్తే సినిమా పనితనం తెలుస్తుంది. బారీ తోబుట్టువు ఎలిజబెత్ లీనాను వెంటబెట్టుకుని ఉదయాన్నే వస్తుంది. ఇద్దరినీ కలపాలని ఆమె ప్రయత్నం. బారీ లీనాతో నాలుగు మర్యాద మాటలు మాట్లాడబోతాడు. బెదిరించే అమ్మాయి ఫోను వస్తుంది. గాజు గదిలోకి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడతాడు, బయటికి వచ్చి ఏమీ జరగనట్టు నవ్వుతాడు, మళ్లీ ఫోను. వెనక ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కుర్రాడు సరుకు అరలను గుద్దేస్తాడు, పెట్టెలు కూలిపోతాయి. గుట్టగా పేర్చిన పుడ్డింగ్ (మెత్తని తీపి వంటకం) డబ్బాలు ఎందుకని లీనా అడుగుతుంది. అతను నీళ్లు నములుతాడు. ఎలిజబెత్ ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంది. ఇంత గందరగోళంలో కెమెరా కోతలు పెద్దగా లేకుండా బారీ వెంటే అటూ ఇటూ తిరుగుతుంది. జాన్ బ్రయాన్ నేపథ్య సంగీతం పాటలా ఉండదు. తట్టుళ్లు, గిలకల చప్పుళ్లు, అటూ ఇటూ తప్పిపోయే లయలు మాటల మీద పడి వాటిని వినబడనివ్వవు. ఏది ముందు వినాలో, ఎటు చూడాలో ప్రేక్షకుడికీ అంతు చిక్కదు. బారీకి తల ఎలా తిరుగుతుందో వివరించే డైలాగు ఒక్కటి కూడా లేకుండా, చూసేవాళ్ల తల తిరిగేలా చేశారు. మనోవేదన మీద తీసిన సినిమాల్లో చాలావరకు పాత్ర చేత బాధను చెప్పిస్తాయి. ఇక్కడ చెవులకే ఆ బాధ పట్టించారు. ఈ విషయంలో దీని సాటి వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆ సన్నివేశం చివర్లో వెళ్లిపోతున్న లీనా వెనక్కి వచ్చి, తనతో భోజనానికి వస్తావా అని అడుగుతుంది. ఇంతటి రభసను కళ్లారా చూశాక అడిగిందన్నదే ముఖ్యం.

ఆడమ్ శాండ్లర్‌ను బారీ పాత్రకు ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్న అప్పట్లో చాలామందికి వచ్చింది. ఆండర్సన్ అంతకుముందు తీసిన ‘మాగ్నోలియా’ (1999) 188 నిమిషాల, ఎన్నో పాత్రల విషాద గాథ. శాండ్లర్ ‘హ్యాపీ గిల్మోర్’ (1996), ‘ది వాటర్‌బాయ్’ (1998) వంటి అల్లరి హాస్య చిత్రాలతో జనాన్ని థియేటర్లకు రప్పిస్తున్న నటుడు. ఆ సినిమాల్లో అతను పోషించినది ఎదగని పిల్లవాడి మనసుతో ఉండి, క్షణంలో కోపం తన్నుకొచ్చే మనిషిని. గోల్ఫ్ మైదానంలో కొట్లాటలకు దిగుతాడు, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో ఎదుటివాళ్లను విరుచుకుపడి కూలదోస్తాడు. ఆ కోపమే అతన్ని గెలిపిస్తుంది, థియేటర్ ఘొల్లుమంటుంది. ఆండర్సన్ శాండ్లర్‌ను మార్చలేదు. అవే తడబాట్లు, అదే మెత్తని గొంతు, అదే హఠాత్తుగా పేలే ఆగ్రహం. నవ్వాలని చెప్పే సంకేతాలను మాత్రం తీసేశాడు. కోపం వచ్చి తగ్గాక మిగిలే సిగ్గును, వణుకును, చేతి గాయాన్ని కూడా చూపించాడు. దాంతో శాండ్లర్ పాత సినిమాల్లోని ఆ కుర్రాడు ఎంత బాధలో ఉండి ఉంటాడో మొదటిసారి తెలిసొస్తుంది. ఈ పాత్రకు అతనికి గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ వచ్చింది. ఆండర్సన్‌కు ఆ ఏడు కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి పురస్కారం దక్కింది. దాన్ని కొరియా దర్శకుడు ఇమ్ క్వాన్-టేక్‌తో పంచుకున్నాడు. థియేటర్లలో మాత్రం పెద్దగా ఆడలేదు. సుమారు 2.5 కోట్ల డాలర్ల ఖర్చుకు వసూళ్లు కూడా అంతే వచ్చాయి. శాండ్లర్ అభిమానులు ఎదురుచూసినది ఒకటి, తెర మీద చూసినది ఒకటి.

కోపం గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. కోపిష్టి కథానాయకుడు తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. అతని కోపాన్ని మన తెర ఎక్కువగా ఠీవిగానే చూపిస్తూ వచ్చింది. నెమ్మదిగా కదిలే షాట్లు, వెనక మోగే సంగీతం, పక్కన నిలబడి మురిసిపోయే స్నేహితులు. ప్రేమించిన అమ్మాయి మీద అరవడం కూడా ప్రేమ లోతుకు కొలమానమైపోయిన కథలు ఉన్నాయి. బారీ కోపానికి ఆ వైభవం లేదు. హోటల్లో లీనాతో భోజనం చేస్తుండగా, సుత్తి కథ నీ తోబుట్టువు చెప్పిందంటూ ఆమె నవ్వుతూ ప్రస్తావిస్తుంది. అతను మర్యాదగా లేచి మగవాళ్ల బాత్‌రూముకు వెళ్లి దాన్ని ధ్వంసం చేసి, తిరిగొచ్చి కూర్చుని మాట కొనసాగిస్తాడు. మేనేజరు వచ్చి పక్కకు పిలిచి అడిగితే నేను కాదంటాడు. చేతి నుంచి రక్తం కనిపిస్తున్నా కాదంటాడు. ఈ అబద్ధం చూడడానికి ఎంత కష్టంగా ఉంటుందంటే, పగిలిన సామాను కన్నా అదే గుర్తుండిపోతుంది. కోపం లీనా మీదికి రాకుండా అతను దాన్ని గోడల దాకా మోసుకెళ్లాడు, నిజమే. కానీ సినిమా దాన్ని సద్గుణంగా అమ్మదు. ఇద్దరినీ బయటికి పంపించేస్తారు, అంతే.

పుడ్డింగ్ కథ సినిమాలో అన్నిటికన్నా కల్పనలా కనిపిస్తుంది. నిజానికి జరిగింది అదే. 1999లో హెల్తీ చాయిస్ అనే ఆహార సంస్థ, తమ సరుకుల బార్‌కోడ్లు పంపినవాళ్లకు విమాన ప్రయాణ మైళ్లు, అంటే టికెట్టు డబ్బుకు బదులుగా వాడుకునే పాయింట్లు, బహుమతిగా ఇస్తామని ప్రకటించింది. పది బార్‌కోడ్లకు 500 మైళ్లు, గడువులోగా ముందే పంపితే రెట్టింపు. కాలిఫోర్నియాలో పనిచేసే ఒక సివిల్ ఇంజనీరు షరతులు జాగ్రత్తగా చదివి, 25 సెంట్లకే దొరుకుతున్న పుడ్డింగ్ కప్పులు కనిపెట్టాడు. సుమారు 3,140 డాలర్లు పెట్టి 12,150 కప్పులు కొన్నాడు. బార్‌కోడ్లు చింపడం అతని వల్ల కాలేదు. కప్పులను సాల్వేషన్ ఆర్మీ అనే సేవాసంస్థకు దానమిచ్చి, వాళ్ల స్వచ్ఛంద సేవకుల చేత చింపించాడు. 12.5 లక్షల మైళ్లకు పైగా అతని ఖాతాలో పడ్డాయి.

ఆ ఇంజనీరు కథ తెలివైన వినియోగదారుడి గెలుపు కథ. ఆండర్సన్ దాన్ని తీసుకుని ఒంటరివాడి చేతిలో పెట్టగానే దాని అర్థం మారిపోయింది. బారీ ప్రయాణాలు చేసే మనిషి కాదు. వెళ్లాల్సిన ఊరు లేదు, తోడు వచ్చే మనిషి లేదు. అయినా లక్షల మైళ్లు కూడబెడుతున్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేడు. మనుషులతో వ్యవహారంలో షరతులేమిటో అతనికి ఎప్పుడూ అర్థం కాలేదు. ఇక్కడ మాత్రం షరతులు అచ్చేసి ఉన్నాయి. పది కప్పులకు ఇన్ని మైళ్లు, మాట తప్పడానికి వీల్లేదు. తెల్లవారుజామున కంపెనీకి ఫోను చేసి ప్రతి పదాన్నీ ఖాయం చేసుకోవడం వెనకున్న ఆరాటం ఇది. లోకంలో కనీసం ఒక్కరైనా చెప్పిన మాట మీద నిలబడతారని అతనికి కావాలి. సూపర్‌మార్కెట్ వరుసల్లో పుడ్డింగ్ దొరికినప్పుడు అతని కాళ్లు వాటంతటవే చిందేస్తాయి. రంగురంగుల డబ్బాల మధ్య నీలం సూటు మనిషి వేసే ఆ నాలుగడుగులు సినిమాలో అతని మొదటి సంతోషం.

హార్మోనియం కూడా అలాంటిదే. పద్యనాటకాల పుణ్యమా అని తెలుగువారికి హార్మోనియం ఇంటి వాద్యంలాంటిది. తిత్తిలో గాలి నిండితేనే స్వరం పలుకుతుందని, తిత్తికి చిల్లు పడితే ఎన్ని మెట్లు నొక్కినా లాభం లేదని మనకు తెలుసు. బారీ దాన్ని రోడ్డు మీదినుంచి ఎత్తుకుని పరుగున గోదాములోకి తెచ్చి, తిత్తికి పడిన చిల్లుకు టేపు అంటిస్తాడు. వాయించడం రాదు. ఊపిరాడనప్పుడల్లా వచ్చి దాని ముందు కూర్చుని ఒకటి రెండు మెట్లు నొక్కుతాడు. క్రమంగా ఆ స్వరాలే బ్రయాన్ సంగీతంలోకి చేరి, పైన చెప్పిన చప్పుళ్ల స్థానంలో ఒక రాగం ఏర్పడుతుంది. లీనా దగ్గర ఉన్నప్పుడు ఆ రాగం వినిపిస్తుంది. కథకు, సంగీతానికి మధ్య ఇంత దగ్గరి పొత్తు ఉన్న సినిమా కాబట్టే దీన్ని పాటలు తీసేసిన మ్యూజికల్ అనిపిస్తుంది.

కళ్లకు కూడా అలాంటి విందే ఉంది. ఛాయాగ్రాహకుడు రాబర్ట్ ఎల్స్‌విట్ వెలుగు నేరుగా లెన్సు మీద పడి నీలి చారలుగా చీలిపోవడాన్ని దాచలేదు, కావాలనే ఉంచాడు. బారీ నీలం, లీనా ఎరుపు. సన్నివేశాల మధ్య చిత్రకారుడు జెరెమీ బ్లేక్ తయారుచేసిన రంగుల అలలు తెరంతా పరుచుకుంటాయి. అవి ఎందుకున్నాయో కొందరికి మింగుడుపడలేదు. మాటలు చేతగాని మనిషి మనసులో కదిలేది రంగుగానే చూపడం సబబుగా ఉంది.

లీనా పని మీద హవాయికి వెళుతుంది. మైళ్లు ఖాతాలో పడడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని తెలిసి బారీ డబ్బు పెట్టి టికెట్టు కొని ఆమె వెంట బయల్దేరతాడు. మామూలు ప్రేమ సినిమాల్లో విమానాశ్రయానికి పరుగు చివరి రీలులో వస్తుంది, ఇక్కడ కథ మధ్యలోనే వచ్చేసింది. హవాయిలో దిగి, లీనా హోటలు ఫోను నంబరు కోసం తోబుట్టువుకు ఫోను చేస్తాడు. ఆమె నంబరు ఇవ్వకుండా ఎందుకు, ఏమిటి అంటూ యథాప్రకారం ఆటపట్టిస్తుంది. బారీ గొంతు చించుకుని అరుస్తాడు. జీవితంలో మొదటిసారి అద్దాన్ని వదిలి, బాధపెట్టిన మనిషితోనే నేరుగా మాట్లాడాడు. మాటలు మోటుగా ఉన్నాయి, బెదిరింపు కూడా ఉంది. కానీ నాకు ఇది కావాలి అని చెప్పడం అతనికి అప్పుడే వచ్చింది. వెంటనే వీధిలోని ఫోను బూత్ నుంచి లీనాకు చేస్తాడు. ఆమె గొంతు వినబడగానే బూత్‌లో దీపం వెలుగుతుంది. రాబర్ట్ ఆల్ట్‌మన్ ‘పాపాయ్’ (1980) కోసం హ్యారీ నిల్సన్ రాయగా షెల్లీ డువాల్ పాడిన పాత పాట ఆ సమయంలో మోగుతుంది. ఇద్దరూ ఎదురుపడి ముద్దు పెట్టుకునేటప్పుడు వెలుగంతా వెనకే ఉంటుంది. వాళ్లు నల్లని నీడలుగా మాత్రమే కనిపిస్తారు, చుట్టూ జనం పోతుంటారు.

హోటలు గదిలో వాళ్లు చెప్పుకునే ప్రేమ మాటలు వింటే ఎవరైనా ఉలిక్కిపడతారు. నీ ముఖం ఎంత బాగుందంటే దాన్ని సుత్తితో పగలగొట్టాలని ఉందని అతను అంటాడు. ఆమె బెదరదు. అంతకు తగ్గ మాటే తనూ అంటుంది. సుత్తి అన్న మాట ఆ ఇంట్లో ఎన్నేళ్లుగా వెక్కిరింపుగా చలామణి అయిందో గుర్తుంటే ఈ సంభాషణ విలువ తెలుస్తుంది. ఏ మాట వింటే బారీకి ఒళ్లు మండిపోయేదో, ఆ మాటనే అతను ఒక మనిషికి ముద్దుగా ఇవ్వగలిగాడు. ఆమె దాన్ని ఇంకెవరికీ మోసుకుపోదు.

తిరిగొచ్చాక డీన్ పంపిన ఆ అన్నదమ్ములు వీళ్ల కారును గుద్దుతారు. లీనాకు దెబ్బ తగులుతుంది. బారీ టైర్లు విప్పే ఇనుప కడ్డీ తీసుకుని నలుగురినీ క్షణాల్లో పడగొడతాడు. ఈ చోట దర్శకుడు ప్రేక్షకుడి చప్పట్లను కోరుకున్నాడనే చెప్పాలి, అవి వస్తాయి కూడా. బారీ కోపం పట్ల సినిమా పాటించిన నిజాయితీ ఇక్కడ కాస్త సడలింది. ప్రేమ వచ్చాక హింస ఒక్కసారిగా గురి తప్పనిది, నేర్పు గలది అయిపోవడం బారీ స్వభావానికి అతకలేదు. అయితే వెంటనే వచ్చే సన్నివేశం ఆ లోటును చాలావరకు పూడుస్తుంది. బారీ డీన్‌కు ఫోను చేస్తాడు. ఇద్దరూ నోరు మూసుకోమని ఒకరినొకరు అరుచుకుంటారు. ఆ తర్వాత తెగిన తీగతో ఫోను రిసీవరును చేత్తో పట్టుకునే యూటా దాకా వెళతాడు. పరుపుల దుకాణంలో ఎదురుపడ్డ డీన్ పాత్రలో ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్ కాసేపే కనిపిస్తాడు. ఆ కాసేపట్లోనే వట్టి గొంతు చూసుకుని బతికే బోలు మనిషిని మన ముందు నిలబెడతాడు. బారీ చేయి చేసుకోడు. తన జీవితంలోకి ప్రేమ వచ్చిందని, దాని వల్ల ఎంత బలం వచ్చిందో నువ్వు ఊహించలేవని చెబుతాడు. ఇంతటితో సరి అనిపించుకుని వచ్చేస్తాడు. ఎంతోమందిని హడలగొట్టిన డీన్ ముందు బారీకి మాటే సరిపోయింది.

లీనా పాత్ర విషయంలో సినిమాకు చెప్పాల్సిన జవాబు ఒకటి మిగిలే ఉంది. ఆమె బారీని ఎందుకు ఇష్టపడింది? ఎలిజబెత్ దగ్గర కుటుంబ ఫొటోలో అతన్ని చూసి కలవాలనుకున్నానని, మొదటిరోజు కారు వంకతో కావాలనే వచ్చానని లీనా ఒప్పుకుంటుంది. అంతకుమించి ఆమె గురించి తెలిసేది తక్కువ. ఒంటరి మగవాడిని బాగుచేయడానికే ఆకాశం నుంచి దిగివచ్చిన అమ్మాయి అన్న విమర్శలో పస ఉంది. ఎమిలీ వాట్సన్ నటన ఆ ఖాళీని కొంత నింపింది. బారీ తడబడినప్పుడల్లా ఆమె చూపు నిలకడగా ఉంటుంది, కానీ అందులో జాలి లేదు. ఒక కుతూహలం ఉంది, తనకూ ఇలాంటిదేదో తెలుసన్న గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు వెనక కథ ఏమిటో రచయిత రాసి ఉంటే సినిమా ఇంకా ఎత్తులో ఉండేది.

ఆమెకు చివర్లో ఒక హక్కు మాత్రం ఇచ్చారు. కారు ప్రమాదం జరిగిన రాత్రి బారీ ఆమెను ఆసుపత్రిలో వదిలేసి తన యుద్ధానికి వెళ్లిపోయాడు. తిరిగొచ్చి, హార్మోనియాన్ని చేతుల్లో మోసుకుంటూ ఆమె గుమ్మం ముందు నిలబడి అన్నీ చెప్పేస్తాడు. ఆ ఫోను సర్వీసుకు చేసిన కాల్, దాని వల్ల వచ్చిన ఆ నలుగురు, ఆమెకు దెబ్బ తగలడానికి కారణం. ఎవరూ నిలదీయలేదు, రుజువు చూపలేదు. సినిమా అంతటా నేను కాదు, నాకు తెలియదు, ఏమీ లేదు అంటూ తప్పించుకున్న మనిషి, ఎవరూ అడగకముందే నేనే అంటాడు. లీనా అతని పోరాటాన్ని పొగడదు. నన్ను ఆసుపత్రిలో వదిలేసి వెళ్లావని, అలా చేయకూడదని చెబుతుంది. బారీ క్షమాపణ అడుగుతాడు. ఇకమీదట కోపం రాదని మాట ఇవ్వడు, మారిపోతానని ఒట్టు పెట్టుకోడు. మైళ్లు చేతికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల గడువు ఇస్తే, నువ్వు పని మీద ఎక్కడికి వెళితే అక్కడికి వస్తానంటాడు. అతను నిలబెట్టుకోగలనని నమ్మకంగా చెప్పగలిగే మాట అదొక్కటే. మళ్లీ ఎప్పుడైనా ఏదైనా బాత్‌రూము గోడ బద్దలవుతుందా అన్నదానికి సినిమా హామీ ఇవ్వదు. అలా జరిగితే ఈసారి లీనాకు అతనే చెబుతాడని నమ్మడానికి మాత్రం ఈ సన్నివేశం కావలసినంత ఆధారం ఇస్తుంది.